ఒకే ల్యాప్‌టాప్‌లో ఉబుంటు, ఫెడోరా, మింట్: ఒకదాని బూట్ మెనూని ఇంకొకటి చెరపకుండా ఉండాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్, విండోస్ లేదు. ముందు ఉబుంటు 24.04 వేసుకున్నారు, తర్వాత ఫెడోరా, ఈ మధ్య లినక్స్ మింట్ 22. మూడూ లినక్స్ రకాలే, వీటినే డిస్ట్రోలు అంటారు. మింట్ వేసినప్పటి నుంచి ఉబుంటు మెనూ కనపడట్లేదు, ఎఫ్12 నొక్కి ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డ్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్) లిస్టులో ‘ఉబుంటు’ ఎంచుకున్నా మింట్ మెనూనే వస్తోంది. ఫెడోరాలో కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసినా ఈ మెనూ నుంచి వెళ్తే పాత కెర్నలే బూట్ అవుతోంది. ఎలాగోలా సరిచేసుకున్నా తర్వాతి అప్‌డేట్‌తో మళ్లీ మొదటికొస్తోంది. అన్నీ ఫార్మాట్ కొట్టి మొదట్నుంచి వేయాలా అని అడిగారు.

వద్దు, అస్సలు ఫార్మాట్ చేయకండి. మీ మూడు సిస్టమ్‌లూ డిస్క్ మీద భద్రంగానే ఉన్నాయి, వాటి దాకా వెళ్లే దారే తప్పిపోయింది. పైగా ఇప్పుడున్న వరసలోనే మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే మళ్లీ ఇదే స్థితికి వస్తారు, ఎందుకంటే ఇది మీరు చేసిన తప్పు కాదు, ఆ మూడు డిస్ట్రోలు బూట్ లోడర్‌ని (మెనూ చూపించి సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్) పెట్టుకునే పద్ధతే అలాంటిది.

ఇంకో మాట ముందే చెప్తాను. కమాండ్లు, ఫైల్ పేర్లు అన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట విడిగా చెప్తాను.

అసలు సంగతి ఏంటంటే, చాలామంది ఒక గ్రబ్ (ఈ మూడూ వాడే బూట్ లోడర్ పేరు) చేత అన్ని సిస్టమ్‌ల కెర్నళ్లనూ మోయించాలని చూస్తారు. ఉబుంటు గ్రబ్ వెళ్లి ఫెడోరా పార్టిషన్ చదవాలి, అందులో ఏ కెర్నల్ ఉందో కనుక్కోవాలి, దాని ఆప్షన్లు ఏంటో ఊహించాలి, అన్నీ తన మెనూలో రాసుకోవాలి. ఈ పని చేసే స్క్రిప్ట్ పేరు ఓఎస్-ప్రోబర్. అది ఒక రోజు తీసిన ఫోటో లాంటిది, ఫోటో తీశాక ఫెడోరాలో ఏం మారినా ఉబుంటుకి తెలియదు. మీ పాత కెర్నల్ సమస్య మొత్తం ఇక్కడే ఉంది. నేను ఎవరు అడిగినా చెప్పేది ఒకటే: ప్రతి సిస్టమ్ తన బూట్ లోడర్‌ని తన దగ్గరే ఉంచుకోవాలి, తన కెర్నళ్ల సంగతి తనే చూసుకోవాలి. ముందు కనపడే మెనూ ఒకటే ఉండాలి, ఆ మెనూ మిగతా వాటి కెర్నళ్లను పట్టించుకోకుండా నేరుగా వాటి బూట్ లోడర్‌కి అప్పగించాలి. ఇలా ఒకసారి పెట్టుకుంటే ఎవరు ఎన్నిసార్లు అప్‌డేట్ అయినా మీకు టెన్షన్ ఉండదు.

ఇప్పుడు మీ మెషీన్‌లో ఏం జరిగిందో చూద్దాం. యూఈఎఫ్‌ఐ (కొత్త రకం ఫర్మ్‌వేర్) ఉన్న కంప్యూటర్‌లో ఈఎస్‌పీ అని ఒక చిన్న ఎఫ్‌ఏటీ32 పార్టిషన్ ఉంటుంది. లినక్స్‌లో మామూలుగా అది /బూట్/ఈఎఫ్‌ఐ దగ్గర మౌంట్ అయి ఉంటుంది, అంటే ఆ ఫోల్డర్‌గా తెరుచుకుంటుంది. దాని లోపల ఈఎఫ్‌ఐ అనే ఫోల్డర్, అందులో ఒక్కో సిస్టమ్‌కి ఒక్కో ఫోల్డర్. ఫెడోరా తన సరుకుని ‘ఫెడోరా’ ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది, డెబియన్ ‘డెబియన్’లో, ఉబుంటు ‘ఉబుంటు’లో. మరి మింట్? మింట్ కూడా ‘ఉబుంటు’ ఫోల్డర్‌లోనే పెడుతుంది. మింట్ మెయిన్ ఎడిషన్ ఉబుంటు మీద కట్టినది, సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న ప్రోగ్రాములనే బూట్ కానిచ్చే రక్షణ) కోసం ఉబుంటు వాళ్లు సంతకం చేసిన గ్రబ్‌నే వాడుకుంటుంది, ఆ సంతకం చేసిన ఫైల్ లోపలే ‘నా సెట్టింగులు ఈఎఫ్‌ఐ/ఉబుంటు ఫోల్డర్‌లో ఉంటాయి’ అని దారి రాసేసి ఉంటుంది. అందుకని ఉబుంటు, మింట్ ఒకే ఈఎస్‌పీ మీద ఉంటే ఆఖర్న వేసినదే గెలుస్తుంది. కుబుంటు, జుబుంటు లాంటివి రెండు పక్కపక్కన వేసుకున్నా ఇదే కథ.

ఏం చెరిగిపోయిందో మీ కళ్లతో చూడొచ్చు. మింట్‌లోకి వెళ్లి సుడోతో (అడ్మిన్ హక్కులతో) /బూట్/ఈఎఫ్‌ఐ/ఈఎఫ్‌ఐ/ఉబుంటు ఫోల్డర్ తెరవండి, రెండో ‘ఈఎఫ్‌ఐ’ పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అందులో షిమ్‌ఎక్స్64.ఈఎఫ్‌ఐ, గ్రబ్‌ఎక్స్64.ఈఎఫ్‌ఐ, ఎంఎంఎక్స్64.ఈఎఫ్‌ఐ, ఇంకా గ్రబ్.సీఎఫ్‌జీ అనే చిన్న ఫైల్ కనిపిస్తాయి. ఆ చిన్న ఫైల్‌ని క్యాట్ చేస్తే (అంటే తెరమీద చూపించమంటే) మూడే మూడు లైన్లు, దాదాపు ఇలా ఉంటాయి:

సెర్చ్.ఎఫ్‌ఎస్_యూయూఐడీ ‹పొడవాటి యూయూఐడీ› రూట్
సెట్ ప్రిఫిక్స్=($రూట్)'/బూట్/గ్రబ్'
కాన్ఫిగ్‌ఫైల్ $ప్రిఫిక్స్/గ్రబ్.సీఎఫ్‌జీ

మొదటి లైన్‌లో ఉన్న యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు నంబరు) ఏ పార్టిషన్‌దో అదే మీ మెషీన్‌కి యజమాని. ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ అని కొడితే అన్ని పార్టిషన్ల యూయూఐడీలు వస్తాయి, పోల్చి చూడండి, అది మింట్ రూట్ పార్టిషన్‌ది అయి ఉంటుంది. ఇన్‌స్టాలర్ ముఖ్యంగా మార్చింది ఈ నంబరునే. ఉబుంటు అసలు మెనూ ఫైల్ ఉబుంటు పార్టిషన్‌లో /బూట్/గ్రబ్ కింద అలాగే ఉంది. ఫర్మ్‌వేర్ లిస్టులో ‘ఉబుంటు’ నొక్కితే మింట్ మెనూ రావడానికి కారణం కూడా ఇదే, ఆ పేరు మారలేదు, అది చూపించే చోటు మారింది.

ఏదైనా ముట్టుకునే ముందు రెండు పనులు చేయండి. ఈఎస్‌పీ మొత్తాన్ని కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి, గ్రబ్ మాత్రమే ఉన్న ఈఎస్‌పీలో ఉండేది కొన్ని ఎంబీలే. తర్వాత సుడో ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ -వీ అని కొట్టి, వచ్చినదాన్ని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. అందులో బూట్‌ఆర్డర్ అనే లైన్, దాని కింద 0001, 0003 లాంటి నంబర్లతో ఒక్కో ఎంట్రీ, పక్కనే అది ఏ ఫైల్‌ని పిలుస్తుందో ఉంటుంది. ఈ లిస్టు డిస్క్ మీద ఉండదు, మదర్‌బోర్డ్‌లోని ఎన్‌వీర్యామ్‌లో ఉంటుంది. అందుకే బయాస్ అప్‌డేట్ చేశాక కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎంట్రీలు మాయమవుతాయి, జనం సిస్టమే పోయిందని కంగారు పడతారు. ఫైళ్లు ఈఎస్‌పీలో అలాగే ఉంటాయి, ఎంట్రీ ఒక్కటి మళ్లీ రాస్తే చాలు.

ఇప్పుడు ఉబుంటులోకి వెళ్లాలి. మింట్ మెనూలో ఉబుంటు పేరు ఉంటే దాన్నే నొక్కండి. లేకపోతే మెనూ దగ్గర సీ అక్షరం నొక్కితే గ్రబ్ ప్రాంప్ట్ వస్తుంది. ఎల్‌ఎస్ అని కొడితే (హెచ్‌డీ0,జీపీటీ1), (హెచ్‌డీ0,జీపీటీ2) అంటూ పార్టిషన్లు చూపిస్తుంది. ఎన్‌వీఎంఈ అయినా గ్రబ్ దాన్ని హెచ్‌డీ అనే పిలుస్తుంది. డిస్క్ నంబరు సున్నా నుంచి, పార్టిషన్ నంబరు ఒకటి నుంచి మొదలవుతుంది, చాలామంది ఇక్కడే తికమక పడతారు. ఏది ఉబుంటుదో తెలియకపోతే క్యాట్ (హెచ్‌డీ0,జీపీటీ2)/ఈటీసీ/ఇష్యూ అని ఒక్కోదాని మీద కొట్టి చూడండి, ఉబుంటు, మింట్‌లలో ఆ ఫైల్‌లో డిస్ట్రో పేరు రాసి ఉంటుంది. దొరికాక కాన్ఫిగ్‌ఫైల్ (హెచ్‌డీ0,జీపీటీ2)/బూట్/గ్రబ్/గ్రబ్.సీఎఫ్‌జీ అని కొట్టండి, మీ నంబరు ఏదైతే అది. ఎంటర్ నొక్కగానే మీ పాత ఉబుంటు మెనూ కళ్లముందు ప్రత్యక్షమవుతుంది. లైవ్ యూఎస్‌బీ అక్కర్లేదు, బూట్ రిపేర్ టూల్ అక్కర్లేదు. ఈ ఒక్క కమాండ్ నోటికి వచ్చి ఉంటే సగం బూట్ సమస్యలు కూర్చున్న చోటే తీరిపోతాయి.

ఉబుంటులోకి వచ్చాక టెర్మినల్ తెరిచి సుడో గ్రబ్-ఇన్‌స్టాల్ అని కొట్టండి. యూఈఎఫ్‌ఐ మెషీన్‌లో డిస్క్ పేరు ఇవ్వక్కర్లేదు, /బూట్/ఈఎఫ్‌ఐ మౌంట్ అయి ఉంటే చాలు. దీంతో ఆ మూడు లైన్ల ఫైల్‌లో మళ్లీ ఉబుంటు యూయూఐడీ పడుతుంది, బూట్ వరసలో కూడా ఉబుంటు ముందుకొస్తుంది. క్యాట్ చేసి నంబరు మారిందో లేదో చూసుకుని ముందుకెళ్లండి.

ఇక ఉబుంటు మెనూని మిగతా రెంటికీ దారి చూపేలా చేయాలి. ముందు /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైల్ తెరవండి. ఓఎస్-ప్రోబర్‌ని ఆపేయమని ఒక లైన్ పెట్టాలి: గ్రబ్_డిసేబుల్_ఓఎస్_ప్రోబర్=ట్రూ. సమానం గుర్తుకి ఎడమ పక్కన ఉన్నదంతా పెద్ద అక్షరాలు, ‘ట్రూ’ చిన్న అక్షరాలు. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి ఇది సెక్యూరిటీ కారణాల వల్ల అసలు గ్రబ్‌లోనే డిఫాల్ట్‌గా ఆపేసి ఉంటోంది, కొన్ని డిస్ట్రోలు తమ మార్పులతో తిరిగి తెరుస్తాయి. నెట్‌లో ఎక్కడ చూసినా దీన్ని ఫాల్స్ చేసి తెరవమనే సలహా ఇస్తారు. రెండు సిస్టమ్‌లు, అందులో ఒకటి విండోస్ అయితే ఆ సలహా పర్వాలేదు. మూడు లినక్స్‌లు ఉన్నచోట నేను మాత్రం ఆపేయమనే చెప్తాను. అదే ఫైల్‌లో గ్రబ్_టైమ్ఔట్_స్టైల్=మెనూ, గ్రబ్_టైమ్ఔట్=8 అని కూడా పెట్టండి (ఇక్కడా ఎడమ పక్కనవి పెద్ద అక్షరాలే), లేకపోతే ఉబుంటు మెనూని చూపించకుండా నేరుగా బూట్ అయిపోతుంది.

తర్వాత /ఈటీసీ/గ్రబ్.డీ ఫోల్డర్‌లో 40_కస్టమ్ అనే ఫైల్ ఉంటుంది. పైన ఉన్న లైన్లు చెరపకుండా కింద ఫెడోరా కోసం ఇది కలపండి:

మెనూఎంట్రీ "ఫెడోరా" {
సెర్చ్ --నో-ఫ్లాపీ --ఎఫ్‌ఎస్-యూయూఐడీ --సెట్=రూట్ 5816-2094
చైన్‌లోడర్ /ఈఎఫ్‌ఐ/ఫెడోరా/షిమ్‌ఎక్స్64.ఈఎఫ్‌ఐ
}

అక్కడ 5816-2094 అనేది ఉదాహరణ మాత్రమే, మీ ఈఎస్‌పీ యూయూఐడీ పెట్టాలి. ఎఫ్‌ఏటీ కాబట్టి అది నాలుగు, నాలుగు అక్షరాలుగా పొట్టిగా ఉంటుంది. ఫెడోరా రూట్ యూయూఐడీ పెట్టకండి, ఎక్కువమంది ఇక్కడే తప్పు నంబరు పెడతారు. మనం ఫెడోరా పార్టిషన్ జోలికే పోవట్లేదు, ఈఎస్‌పీలో ఉన్న ఫెడోరా షిమ్‌ని (గ్రబ్‌కి ముందు లేచే, సంతకం ఉన్న చిన్న ప్రోగ్రామ్) పిలిచి ‘ఇక నువ్వు చూసుకో’ అంటున్నాం. అది ఫెడోరా సొంత గ్రబ్‌ని లేపుతుంది, ఆ గ్రబ్‌కి తన కొత్త కెర్నల్ ఏదో ఎప్పుడూ తెలుసు.

ఫెడోరాకి చైన్‌లోడరే ఎందుకు, ఇందాక చేసినట్టు కాన్ఫిగ్‌ఫైల్ ఎందుకు వద్దు అంటే దానికి గట్టి కారణం ఉంది. ఫెడోరా 30 నుంచి వాళ్లు మెనూ ఎంట్రీలను గ్రబ్.సీఎఫ్‌జీలో రాయడం మానేశారు. ఒక్కో కెర్నల్‌కి ఒక్కో చిన్న ఫైల్ /బూట్/లోడర్/ఎంట్రీస్ కింద పెడతారు, గ్రబ్.సీఎఫ్‌జీలో బీఎల్‌ఎస్‌సీఎఫ్‌జీ అనే ఒక్క కమాండ్ ఉంటుంది, అది బూట్ సమయంలో వాటిని చదువుకుంటుంది. ఆ కమాండ్ ఫెడోరా వాళ్లు తమ గ్రబ్‌కి కలుపుకున్నది. ఉబుంటు 24.04లో ఉన్న గ్రబ్ 2.12కి అది తెలియదు. కాబట్టి ఉబుంటు గ్రబ్‌తో ఫెడోరా మెనూ తెరవాలని చూస్తే ఖాళీగానో, ఎర్రర్‌తోనో తిరిగొస్తారు. ఓఎస్-ప్రోబర్ కూడా ఇక్కడే తడబడుతుంది. పైగా ఫెడోరా 33 నుంచి డెస్క్‌టాప్ ఎడిషన్లలో రూట్ డిఫాల్ట్‌గా బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద ఉంటుంది, దానికి సబ్‌వాల్యూమ్ పేరు కూడా కెర్నల్‌కి చెప్పాలి. ఇవన్నీ బయటి గ్రబ్‌తో ఊహింపజేయడం కన్నా ఫెడోరాకే వదిలేయడం వెయ్యి రెట్లు మేలు.

మింట్ సంగతి వేరు. దానికి ఈఎస్‌పీలో సొంత ఫోల్డర్ లేదు కాబట్టి చైన్‌లోడ్ చేయడానికి ఏమీ ఉండదు. కానీ మింట్ 22 ఉబుంటు 24.04 మీద కట్టినదే, రెండిట్లో గ్రబ్ ఒకే తరానిది, కెర్నల్ మీద సంతకం కూడా ఉబుంటు వాళ్లదే. కాబట్టి ఇక్కడ కాన్ఫిగ్‌ఫైల్ చక్కగా పనిచేస్తుంది. అదే 40_కస్టమ్‌లో దాని కింద:

మెనూఎంట్రీ "లినక్స్ మింట్" {
సెర్చ్ --నో-ఫ్లాపీ --ఎఫ్‌ఎస్-యూయూఐడీ --సెట్=రూట్ ‹మింట్ రూట్ యూయూఐడీ›
కాన్ఫిగ్‌ఫైల్ /బూట్/గ్రబ్/గ్రబ్.సీఎఫ్‌జీ
}

దీన్ని నొక్కితే ఆ క్షణంలో మింట్ పార్టిషన్‌లో ఉన్న మెనూ ఫైల్‌ని చదివి అదే మెనూ చూపిస్తుంది. మింట్‌లో కెర్నల్ మారినప్పుడల్లా మింటే తన మెనూ ఫైల్ తిరగరాసుకుంటుంది, మనం ఉబుంటులో ఏమీ చేయక్కర్లేదు. సేవ్ చేసి సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టి రీబూట్ చేయండి. మీకు ఉబుంటు మెనూలో చివర్న ఫెడోరా, మింట్ రెండూ కనపడాలి.

ఇక్కడితో ఆపేస్తే మాత్రం కొన్నాళ్లకి మళ్లీ మొదటికొస్తుంది. ఎందుకంటే మింట్‌లో గ్రబ్ ప్యాకేజీకి అప్‌డేట్ వచ్చిందంటే అది మళ్లీ గ్రబ్-ఇన్‌స్టాల్ నడిపి ఆ మూడు లైన్ల ఫైల్‌లో తన యూయూఐడీ రాసేస్తుంది. మీరు సరిచేసినా పదే పదే పాడవుతోందన్నది ఇందుకే. కాబట్టి మింట్‌లోకి వెళ్లి ఇది కొట్టండి: సుడో ఏపీటీ-మార్క్ హోల్డ్ గ్రబ్-ఈఎఫ్‌ఐ-ఏఎండీ64-సైన్డ్ షిమ్-సైన్డ్. ఆ రెండు ప్యాకేజీలు ఇక అప్‌డేట్ కావు. సెక్యూరిటీ మాటేంటని అడగొచ్చు. మీరు బూట్ చేసేది ఉబుంటు పెట్టిన షిమ్, గ్రబ్‌తో, అవి ఉబుంటులో అప్‌డేట్ అవుతూనే ఉంటాయి. మింట్ కాపీలు ఎలాగూ వాడుకలో లేవు. మింట్‌ని పెద్ద వెర్షన్‌కి అప్‌గ్రేడ్ చేసేటప్పుడు మాత్రం అన్‌హోల్డ్ చేసి, అప్‌గ్రేడ్ అయ్యాక ఉబుంటులోకి వచ్చి ఒకసారి గ్రబ్-ఇన్‌స్టాల్ కొట్టి, మింట్‌లో మళ్లీ హోల్డ్ పెట్టండి.

దీనికి బదులు కొందరు మింట్‌లో గ్రబ్-ఇన్‌స్టాల్ --బూట్‌లోడర్-ఐడీ=మింట్ కొడితే విడిగా ఫోల్డర్ వస్తుంది కదా అంటారు. ఫోల్డర్ వస్తుంది, నిజమే. కానీ అందులో పడేది ఉబుంటు సంతకం ఉన్న అదే గ్రబ్, అది లేచి మళ్లీ ఈఎఫ్‌ఐ/ఉబుంటులో ఉన్న సెట్టింగులే చదువుతుంది, మింట్ నొక్కితే ఉబుంటు మెనూ వచ్చి ఇంకా అయోమయం. సెక్యూర్ బూట్ పూర్తిగా ఆపేసుకుని ఉన్నవాళ్లు అదే కమాండ్‌కి --నో-యూఈఎఫ్‌ఐ-సెక్యూర్-బూట్ కూడా తగిలిస్తే అప్పుడు సంతకం లేని గ్రబ్, సొంత దారితో తయారవుతుంది, అది పనిచేస్తుంది. రెండు డిస్కులు ఉన్న మెషీన్ అయితే ఇంకా శుభ్రమైన పద్ధతి ఉంది, రెండో డిస్క్ మీద ఇంకో ఈఎస్‌పీ చేసి మింట్‌ని దానికే కట్టేయడం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి డిస్క్‌ని తీసి పక్కన పెట్టడమో, బయాస్‌లో ఆపేయడమో చేస్తే మరీ మంచిది, ఎందుకంటే ఉబుంటు పాత ఇన్‌స్టాలర్‌కి మీరు ఏ డిస్క్ చెప్పినా బూట్ లోడర్‌ని మొదటి ఈఎస్‌పీలోనే పెట్టే బగ్ చాలా ఏళ్లు ఉంది.

సెక్యూర్ బూట్ గురించి ఇంకో ముక్క. అది ఆన్‌లో ఉంటే ఉబుంటు గ్రబ్‌తో ఫెడోరా కెర్నల్‌ని నేరుగా లోడ్ చేస్తే ‘బ్యాడ్ షిమ్ సిగ్నేచర్’ అని ఆగిపోతుంది. ఫెడోరా కెర్నల్ మీద ఉన్నది ఫెడోరా సంతకం, ఉబుంటు షిమ్‌కి ఆ తాళం తెలియదు. ఇది చూసి చాలామంది సెక్యూర్ బూట్ ఆపేస్తారు. మన పద్ధతిలో ఫెడోరా షిమ్‌నే పిలుస్తున్నాం, దాని మీద మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది, మామూలు ల్యాప్‌టాప్‌ల ఫర్మ్‌వేర్‌లో ఆ తాళం ముందే ఉంటుంది, కాబట్టి ఆపక్కర్లేదు. ఏదైనా ఫర్మ్‌వేర్ మొండికేసి చైన్‌లోడ్ ఒప్పుకోకపోతే ఎఫ్12 మెనూలో ఫెడోరా ఎంట్రీ ఎలాగూ ఉంది, అక్కణ్నుంచి వెళ్లండి. కాలీ లినక్స్ లాంటివి వేసుకునేవాళ్లు మాత్రం సెక్యూర్ బూట్ ఆపుకోవాల్సిందే, అది దానికి సపోర్ట్ ఇవ్వదు.

మీకు ఎప్పుడైనా ‘వెరిఫైయింగ్ షిమ్ ఎస్‌బ్యాట్ డేటా ఫెయిల్డ్’ అని వచ్చి మెషీన్ ఆరిపోతే కంగారు పడకండి. కొత్త సిస్టమ్ షిమ్ వచ్చినప్పుడు పాత, లోపాలున్న షిమ్‌లు ఇక వద్దని ఫర్మ్‌వేర్‌లో ఒక గీత గీస్తుంది. 2024 ఆగస్టులో విండోస్ అప్‌డేట్ ఒకటి ఇలాగే గీత గీసి డ్యూయల్ బూట్ ఉన్న చాలామందిని ఇరుకున పెట్టింది. రెండు లినక్స్‌ల మధ్య కూడా ఇది జరగొచ్చు, ఏళ్ల తరబడి అప్‌డేట్ చేయని డిస్ట్రో పక్కన తాజా డిస్ట్రో వేస్తే పాతది లేవదు. తాత్కాలికంగా సెక్యూర్ బూట్ ఆపి, పాతదాంట్లోకి వెళ్లి షిమ్ అప్‌డేట్ చేసుకుని మళ్లీ ఆన్ చేయండి.

ఫెడోరా వైపు ఒక హెచ్చరిక. పాత బ్లాగుల్లో గ్రబ్2-ఎంకేకాన్ఫిగ్ -ఓ కొట్టి ఈఎస్‌పీలోని ఫెడోరా ఫోల్డర్‌లో ఉన్న గ్రబ్.సీఎఫ్‌జీ మీద రాయమని ఉంటుంది. ఫెడోరా 34 నుంచి ఆ ఫైల్ కూడా ఉబుంటు లాగే చిన్న దారి చూపే ఫైల్, దాని మీద రాస్తే చెడిపోతుంది. ఇప్పుడు రాయాల్సింది /బూట్/గ్రబ్2/గ్రబ్.సీఎఫ్‌జీ మీదే. ఫెడోరాలో కూడా ఓఎస్-ప్రోబర్ ఆపే లైన్ పెట్టుకోండి, లేకపోతే ఫెడోరా గ్రబ్‌లో కూడా ఉబుంటు, మింట్‌ల లిస్టు కనపడి ఎక్కడున్నామో తెలియకుండా పోతుంది.

మెనూలో కిందటిసారి ఎంచుకున్నదే ఈసారి డిఫాల్ట్‌గా కావాలంటే ఉబుంటులో గ్రబ్_డిఫాల్ట్=సేవ్డ్, గ్రబ్_సేవ్‌డిఫాల్ట్=ట్రూ పెట్టండి, ఎడమ పక్కనవి పెద్ద అక్షరాలే. అయితే మనం చేత్తో రాసిన రెండు ఎంట్రీలకి అది దానంతటదే వర్తించదు, బ్రాకెట్ తెరిచాక మొదటి లైన్‌గా సేవ్‌డిఫాల్ట్ అని రాయాలి. ఉబుంటు /బూట్ ఎక్స్‌టీ4 మీద ఉంటే ఇది పనిచేస్తుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్, ఎల్‌వీఎం మీద ఉంటే గ్రబ్ చదవగలదు గానీ రాయలేదు, అప్పుడు ఈ సౌకర్యం వదులుకోవాల్సిందే. ఒక్కసారికి మాత్రమే ఫెడోరాలోకి వెళ్లాలంటే సుడో ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ -ఎన్ 0001 లాగా దాని నంబరు ఇచ్చి రీబూట్ చేయండి. నాకు ఇది చాలా ఇష్టమైన ఆప్షన్, ఎందుకంటే కొత్త ఎంట్రీని శాశ్వతంగా ముందు పెట్టేముందు ఒకసారి పరీక్షించి చూడొచ్చు, అది బూట్ కాకపోతే తర్వాతిసారి మామూలు వరసే నడుస్తుంది.

ఉబుంటు బదులు ఫెడోరానే ముందుండాలనుకుంటే ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ -ఓ ఆప్షన్‌తో బూట్‌ఆర్డర్ మార్చి, ఉబుంటులో సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-ఈఎఫ్‌ఐ-ఏఎండీ64 కొట్టండి. వరసగా వచ్చే ప్రశ్నల్లో ఎన్‌వీర్యామ్ వేరియబుల్స్ మార్చాలా అని ఒకటి ఉంటుంది, దానికి నో చెప్పండి. ఇక ఉబుంటు అప్‌డేట్లు బూట్ వరస జోలికి రావు.

బూట్ ఆలస్యం గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను, మూడు సిస్టమ్‌లు వేసిన చాలామంది దీన్ని బూట్ లోడర్ తప్పనుకుంటారు. మింట్ వేసేటప్పుడు స్వాప్ పార్టిషన్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ చోటు) ఉంటే ఇన్‌స్టాలర్ దాన్ని మళ్లీ ఫార్మాట్ చేసే అవకాశం ఉంది, అప్పుడు దాని యూయూఐడీ మారిపోతుంది. ఉబుంటులోని /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో కలుపుకోవాల్సిన పార్టిషన్ల లిస్టు) పాత నంబరే ఉంటుంది, అది లేని స్వాప్ కోసం ఎదురు చూస్తుంది. స్క్రీన్ మీద ‘స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్’ అంటూ 1 నిమిషం 30 సెకన్ల లెక్క నడుస్తుంటే కారణం ఎక్కువగా ఇదే. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో కొత్త నంబరు పెడితే పోతుంది. స్వాప్‌ని అందరూ పంచుకోవచ్చు గానీ హైబర్నేట్ మాత్రం వాడకండి, ఒక సిస్టమ్ నిద్రపోయి దాని మెమరీ స్వాప్‌లో ఉండగా ఇంకోటి లేచి అదే స్వాప్ మీద రాస్తే డేటా పాడవుతుంది. /హోమ్ కూడా పంచుకోవద్దు, ఒకే సాఫ్ట్‌వేర్ వేర్వేరు వెర్షన్లు ఒకే సెట్టింగుల ఫోల్డర్ మీద కొట్టుకుంటాయి. ఫోటోలు, ప్రాజెక్టులు పెట్టుకోడానికి ఒక డేటా పార్టిషన్ చేసి మూడిట్లోనూ మౌంట్ చేసుకోండి.

గ్రబ్ కాకుండా రెఫైండ్ వాడొచ్చా అని కూడా అడిగారు. రాడరిక్ స్మిత్ రాసిన మంచి టూల్ అది, ప్రతిసారీ ఈఎస్‌పీని వెతికి దొరికిన బూట్ లోడర్లను బొమ్మలతో చూపిస్తుంది, చేత్తో ఎంట్రీలు రాసే పని ఉండదు. కానీ సెక్యూర్ బూట్‌తో అదనంగా కీ నమోదు చేయాలి, ఉబుంటు మింట్ ఒకే ఫోల్డర్ గొడవని కూడా తనంతట తాను తీర్చదు. సిస్టమ్‌డీ-బూట్ అనే ఇంకో బూట్ లోడర్ అయితే కెర్నళ్లు ఈఎస్‌పీలోనో, దాని పక్కన ప్రత్యేక బూట్ పార్టిషన్‌లోనో ఉండాలి, ఒక్కో సిస్టమ్‌కి వంద ఎంబీ పైనే పడుతుంది, చిన్న ఈఎస్‌పీతో మూడింటికి సరిపోదు. మీకు ఇప్పుడున్న గ్రబ్ చాలు.

పాత బయాస్ మెషీన్ల మీద ఇదే పని చేసేవాళ్లకి: అక్కడ డిస్క్ మొదట్లో ఉండే 512 బైట్ల సెక్టార్‌లో బూట్ కోడ్‌కి 446 బైట్లే చోటు, ఒక్క బూట్ లోడరే పడుతుంది. కాబట్టి ఒక సిస్టమ్‌కే ఆ చోటు ఇచ్చి, మిగతావి వేసేటప్పుడు బూట్ లోడర్ వేయొద్దని చెప్పి, తర్వాత కాన్ఫిగ్‌ఫైల్ ఎంట్రీతో కలుపుకోండి. ఫెడోరాని ఉంచితే దాన్నే ఆ చోట్లో పెట్టండి, దాని మెనూ చదవగలిగేది దాని గ్రబ్బే.

చివరిగా, ఎప్పుడైనా వీటిలో ఒకటి తీసేయాలనిపిస్తే పార్టిషన్ డిలీట్ చేయడంతో మొదలుపెట్టకండి. తీసేది ఉబుంటు అయితే ముందు మింట్‌లో హోల్డ్ తీసి, మింట్ నుంచి గ్రబ్-ఇన్‌స్టాల్ కొట్టి, ఫెడోరా ఎంట్రీని మింట్ 40_కస్టమ్‌లోకి మార్చి, అప్‌డేట్-గ్రబ్ చేసి, రెండూ బూట్ అవుతున్నాయని చూసుకున్నాకే ఉబుంటు పార్టిషన్ ముట్టుకోండి. తీసేది ఫెడోరా అయితే ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ -బీ 0001 -బీ అని దాని ఎంట్రీ తీసేయండి, అక్కడ మొదటి బీ చిన్నది, రెండోది పెద్దది. తర్వాత ఈఎస్‌పీలో ఫెడోరా ఫోల్డర్, ఉబుంటు 40_కస్టమ్‌లో దాని నాలుగు లైన్లు తీసి అప్‌డేట్-గ్రబ్ కొట్టి, ఆ తర్వాత పార్టిషన్ ఖాళీ చేసుకోండి.